అరటి మొక్కకు పరీక్ష కాగితం ఏదీ?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీరు వేసిన టిష్యూకల్చర్ అరటి (పిలక ముక్క నుంచి ల్యాబ్‌లో పెంచిన మొక్కలు) కథనం చదివి, రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆగాను, ఇక ఉండబట్టలేదు. మీరు రాసిన లాభాలను నేను కాదనను. పులివెందుల, తాడిపత్రి వైపు టిష్యూకల్చర్ జి-9 అరటి రకం వచ్చాక తోటంతా ఒకే ఈడుగా పెరిగి గెలలు ఇంచుమించు ఒకేసారి కోతకొస్తున్నాయి. 2020లో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అరటికాయల రైలే కదిలింది. పిలకలు నాటే రోజుల్లో ఇవన్నీ ఎవరనుకున్నారు?

కానీ తల్లి పిలకలో వైరస్ ఉంటే ల్యాబ్‌లో దాన్నుంచి తీసిన వేల మొక్కల్లోకీ అది వస్తుందని ఒక్క ముక్కైనా రాయలేదేం? నిరుడు రెండెకరాలకు 2,400 మొక్కలు కొన్నాను, ఒక్కోటి 18 రూపాయలు. నాలుగో నెలలో ఆకులు చిన్నవై, నిటారుగా లేచి మొవ్వు దగ్గర గుత్తిలా అయిపోయాయి. అది వెర్రితల తెగులు, వైరస్ జబ్బు. దానికి మందు లేదు, పేనుబంక అనే రసం పీల్చే పురుగు దాన్ని పక్క తోటకు కూడా మోసుకుపోతుంది, అందుకని 600 మొక్కలు నా చేతులతోనే పీకేశాను. నర్సరీ వాళ్లను అడిగితే జబ్బు నీ తోటలోనే తగిలిందన్నారు. బిల్లు మీద ల్యాబ్ పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, ఇక ఏం చూపించి పోట్లాడాలి?

టిష్యూకల్చర్ మొక్కల ధ్రువీకరణను 2006లోనే కేంద్ర బయోటెక్నాలజీ శాఖకు అప్పగించారు. ఆ పద్ధతిలో అరటికి వెర్రితలతో పాటు మొత్తం నాలుగు వైరస్‌ల పరీక్ష ఉంది, ఒక్క పిలక నుంచి ఎన్నిసార్లు మొక్కలు తీయొచ్చో కూడా హద్దు పెట్టారు, ఎందుకంటే అది దాటితే గెల సరిగా వేయని తేడా మొక్కలు ఎక్కువవుతాయి. ఇంత ఏర్పాటు ఉండి, పరీక్ష చేసినట్టు చెప్పే లేబుల్ మా ఊరి నర్సరీలో ఎందుకు కనపడదు? రైతు సేవా కేంద్రంలో అడిగితే ఉద్యాన అధికారిని కలవమన్నారు, ఆయన దగ్గరికి రెండుసార్లు పోతే రెండుసార్లూ మీటింగే. ఎరువుల కొట్టుకు తనిఖీకి వస్తారు, నర్సరీ షేడ్‌నెట్ కిందికి మాత్రం ఎవరూ తొంగి చూడరు. అసలు ఏ శాఖలోనైనా నష్టం జరగకముందు కదిలే అలవాటు పోయింది.

జూన్‌లో మళ్లీ నాటాలి. మొక్కలు ఎవరి దగ్గర తేవాలో తెలియక ఇంట్లో అందరికీ టెన్షన్. పరీక్ష చేసిన మొక్కలు మా జిల్లాలో ఏ నర్సరీల్లో దొరుకుతాయో అధికారుల దగ్గర జాబితా తీసుకుని మీ పత్రికలోనే వేయండి సార్.

— ఒక అరటి రైతు, పులివెందుల