వారానికోసారి స్టార్ట్ చేయమన్నావు కదా

ఒరేయ్ మామా,

ఆదివారం ఫోన్లో నా గ్యారేజీ చూపిస్తుంటే గుడ్డ కప్పి ఉన్న కారు చూసి తిట్టావు కదా, "నాలుగు నెలలు కదపకుండా పడేస్తావా, వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచరా" అని. జవాబు చెప్పేలోపే మీకు కరెంటు పోయింది. అందుకే రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో, ఇది పెద్దదే.

అసలు మూల ఎందుకు పెట్టానంటే, ఇక్కడ మిషిగన్‌లో మంచు పడితే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. చిటికెడు కాదు, లారీలకు లారీలు. డెట్రాయిట్ ఊరి కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతులో ఉప్పు గని ఉందంటే నమ్ముతావా? ఆ ఉప్పునీళ్లు కారు అడుగుకి పట్టాయంటే తుప్పు తినేస్తుంది. రోజూ తిరిగే బండి ఎలాగూ తప్పించుకోలేదు, దాని ఖర్మ. ఈ 2002 హోండా ఎస్2000ని మాత్రం నవంబర్ చివర్లో లోపల పెడితే, ఏప్రిల్‌లో రెండు గట్టి వానలు పడి రోడ్లు కడిగాకే బయటికి తీస్తా.

నువ్వు చెప్పినట్టే నేనూ చేశానురా, మొదటి ఏడాది. ప్రతి శనివారం తలుపు తెరిచి (మూసి ఉంచితే ఆ పొగకి మనమే పోతాం), పది నిమిషాలు ఐడిల్‌లో (బండి కదపకుండా ఇంజిన్ మాత్రం తిరుగుతూ) వదిలి, ఏదో పుణ్యం చేసినట్టు లోపలికొచ్చి కాఫీ తాగేవాణ్ని. ఫిబ్రవరిలో ఒకరోజు ఆయిల్ పోసే మూత విప్పి చూస్తే, లోపలి వైపు తెల్లగా, చిక్కగా, కవ్వానికి అంటుకున్న వెన్నలాంటిది ఉంది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌లో నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే అట్ట) పోయిందనుకున్నా. రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు ఒక ముసలి మెకానిక్‌కి చూపిస్తే, వేలితో తీసి గుడ్డకు తుడిచి, "ఎంత దూరం నడుపుతున్నావు?" అని అడిగాడు. అసలు నడపట్లేదన్నా. నవ్వాడు.

సంగతేంటంటే, ఆ వెన్నలాంటిది ఆయిల్లో నీళ్లు కలిసి అయినదే. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. ఎక్కువ భాగం ఆవిరిగా సైలెన్సర్లోంచి పోతుంది, కొంచెం పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి, ఆయిల్లోకి జారుతుంది. కారు నిజంగా రోడ్డెక్కి అరగంట తిరిగితే ఆయిల్ కాగి ఆ తడి పోతుంది. బయట మైనస్ పది ఉన్నప్పుడు పది నిమిషాల ఐడిల్‌కి అది కాగదు. నీళ్లు అక్కడే ఉంటాయి, మళ్లీ శనివారం ఇంకొన్ని చేరతాయి. సైలెన్సర్లోనూ అదే కథ, లోపల్నుంచి తుప్పు. పైగా చలికి ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆ కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది నూనె పొరని కడిగేసి కిందికి పోతుంది. అంటే నేను కాపాడుతున్నా అనుకుంటూ నాలుగు నెలలూ వారం వారం దాన్ని అరగదీశానన్నమాట!

బ్యాటరీ కూడా మార్చిలో చచ్చింది. స్టార్ట్ చేయడానికి లాగినంత, పది నిమిషాల ఐడిల్ తిరిగి ఇవ్వలేదు. ఖాళీ అయిన బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకడుతుంది కూడా. ఇప్పుడు ఒక చిన్న ఛార్జర్ తగిలించి వదిలేస్తా, దానంతట అదే చూసుకుంటుంది. పెట్టేముందు కొత్త ఆయిల్, నిండా పెట్రోలు, అందులో చెడిపోకుండా ఒక సీసా మందు, టైర్లలో కాస్త ఎక్కువ గాలి. హ్యాండ్‌బ్రేక్ వేయను. అంతే, ఇక ముట్టుకోను.

మీ నాన్నగారి అంబాసిడర్ గుర్తుందా? సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) లాగి, గుర్రుమనిపించి, ఆయన వేపపుల్లతో పళ్లు తోముకునేదాకా వదిలేసేవారు. అది కార్బ్యురేటర్ బండి, చల్లటి మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి, పెట్రోలు వెళ్లే గొట్టం) పెట్రోలు సరిగ్గా ఆవిరవదు, అప్పుడు అది సబబే. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి నిమిషం చాలు. నిలబెట్టి కాచడం కన్నా మెల్లగా నడుపుతూ కాయడం మేలు.

ఇక నీ రెండో మాట, "లిమిటర్ ఉంది కదరా, ఎంత తొక్కినా ఏమవుతుంది" అన్నావు. లిమిటర్ అంటే ఇంజిన్ హద్దు దాటి తిరగకుండా ఆపే ఏర్పాటు. ఇక్కడే నీతో గొడవ. నా కారుకి ఎర్రగీత, అంటే ఇంజిన్ తిరిగే వేగానికి హద్దు, దాదాపు 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర. అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, క్రాంక్, సెకనుకు 150 చుట్లు. స్ట్రోకు (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) 84 మిల్లీమీటర్లు, లెక్కేస్తే పిస్టన్ సగటు వేగం సెకనుకు 25 మీటర్లు. గంటకు 90 కిలోమీటర్లన్నమాట! అదీ సాఫీగా కాదు, సెకనుకు 300 సార్లు ఆగి వెనక్కి తిరుగుతూ. ఆర్‌పీఎం రెట్టింపైతే, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ మీద ఆ లాగుడు నాలుగింతలవుతుంది. ఇదంతా వెంట్రుక కన్నా పలచటి నూనె పొర మీద నడవాలి. లిమిటర్‌కి తెలిసింది చుట్లు లెక్కపెట్టి పెట్రోలు ఆపడమే. ఆయిల్ తేనెలా ఉందా, నీళ్లలా ఉందా దానికి పట్టదు. ఈ46 తరం బీఎండబ్ల్యూ ఎం3లో ఆర్‌పీఎం మీటరు అంచున పసుపు దీపాలుంటాయి. ఆయిల్ వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటీ ఆరిపోతాయి, నీ హద్దు పైకి జరుగుతుంది. చూసి అసూయపడ్డాను. నా దాంట్లో ఆ ముచ్చట లేదు, వేడెక్కేదాకా వీటెక్ (ఎక్కువ ఆర్‌పీఎంలో వాల్వులు ఇంకా ఎక్కువ తెరిచే హోండా ఏర్పాటు) మాత్రం పలకదు. కూలెంట్ (ఇంజిన్ని చల్లబరిచే నీళ్లు) మీటర్ని నమ్మితే మోసపోతాం, నీళ్లు ముందు వేడెక్కుతాయి, ఆయిల్ ఆ తర్వాత ఎప్పటికో.

ఇంకోటి. ఎర్రగీత దగ్గర ఐదో గేరు వేయబోయి మూడోది పడిందనుకో, అప్పుడు ఇంజిన్ని తిప్పేది పెట్రోలు కాదు, చక్రాలు. లిమిటర్ పెట్రోలు ఆపేసి చేతులు కట్టుకు కూర్చుంటుంది, వాల్వులు పిస్టన్లకి తగలొచ్చు. చలికి గేర్ ఆయిల్ కూడా బిగుసుకుని ఉంటుంది కాబట్టి మొదటి రోజు గేర్లు బతిమాలి వేయాలి.

వచ్చే వారం తీస్తా. ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవాలి, కిందటేడు ఎలుక అందులో పొద్దుతిరుగుడు గింజల పొట్టుతో కాపురం పెట్టింది. తర్వాత ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, ఆయిల్ దీపం ఆరేదాకా స్టార్టర్‌తో కాస్త కాస్త తిప్పుతా. అవసరం లేదంటారు కొందరు, నాకు మాత్రం అప్పుడే మనసు కుదుటపడుతుంది. ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేస్తే మొదట టకటకమంటుంది, రెండు సెకన్లలో సర్దుకుంటుంది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు 3,500 దాటను, వెనక ఎవడు హారన్ కొట్టినా సరే.

నాన్నగారు ఆ చోక్ ఎంతసేపు లాగి ఉంచేవారో అడిగి రాయి. ఆ అంబాసిడర్ని తర్వాత ఎవరికి అమ్మారో కూడా.

నీ
మిషిగన్ మామ