ఒకే ఈక రెండు పక్షులకు విరిగిందా?

సంపాదకులకు,

గత ఆదివారం మీరు వేసిన కొల్లేరు గూడబాతుల ఫోటోలో, ఎగురుతున్న ఐదింటిలో రెండింటికి కుడి రెక్కలో ఒకే చోట ఈక విరిగి ఉంది. ఒకే పక్షిని రెండుసార్లు అతికించారన్నమాట!

నేనూ పదకొండేళ్లుగా కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రం గట్టున కెమెరాతో కూర్చునేవాడినే. షట్టరు వేగం సెకనులో 2000వ వంతు పెట్టినా నూటికి తొంభై ఫోటోలు పనికిరావు. ముక్కు ఫ్రేము దాటిపోతుంది, లేదా కన్ను మసకబారుతుంది. వెలుగు సరిదిద్దుతాను, అంచులు కత్తిరిస్తాను. లేని పక్షిని చేర్చడం మాత్రం బొమ్మ గీయడమే. అప్పుడు కింద ‘చిత్రకారుడు’ అని వేయండి.

మొన్న ఒకాయన ఫోటో కోసం పక్షులు ఎగరాలని డబ్బా మోగించాడు, గూళ్లలో పిల్లలుండగా. ఇకపై కెమెరాలోంచి వచ్చిన మూల ఫైలు చూశాకే ఫోటో అచ్చు వేయగలరా?

– ఒక పాఠకుడు, కైకలూరు