ఇన్హిబిటర్ అంటే మందేనా?

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట ఆదివారం మీ సైన్స్ పేజీలో వచ్చిన మెదడు వ్యాసం గురించి ఈ ఉత్తరం. టీబీఓఏ అనే 'గ్లుటమేట్ ఇన్హిబిటర్' మెదడులో గ్లుటమేట్ అనే రసాయనాన్ని తగ్గించి పక్షవాతం నుంచి కాపాడుతుందని అందులో రాశారు. అదే రోజు రాయాల్సింది. ఎవరో ఒకరు రాస్తారులే, సవరణ వేస్తారులే అని ఆగాను. సవరణ రాలేదు సరికదా, నిన్న ఎవరో ఆ వ్యాసం కత్తిరించి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. "పక్షవాతానికి మందొచ్చిందట, టీబోవా అట, ఎక్కడ దొరుకుతుంది?" అని నన్నే అడుగుతున్నారు.

ఎక్కడా దొరకదు. టీబీఓఏ మందు కాదు, ప్రయోగశాలలో వాడే రసాయనం. పరిశోధనకు మాత్రమేనని, మనుషులకు వాడకూడదని సీసా మీదే రాసి ఉంటుంది. పైగా అది చేసే పని మీరు రాసినదానికి సరిగ్గా తలకిందులు.

'గ్లుటమేట్ ట్రాన్స్‌పోర్టర్ ఇన్హిబిటర్' అన్న మాటలో నడిమి ముక్కను మీ విలేకరి మింగేశారు. ట్రాన్స్‌పోర్టర్ అంటే బయటి గ్లుటమేట్‌ను కణంలోకి లాగేసే ప్రోటీన్, ఇన్హిబిటర్ అంటే దాన్ని అడ్డుకునేది. గ్లుటమేట్ అనేది ఒక నాడీకణం ఇంకో కణాన్ని ఉత్తేజపరచడానికి వదిలే రసాయనం. పని కాగానే అక్కడి నుంచి తీసేయాలి. లేకపోతే ఆ ఉత్తేజంతోనే కణాలు చచ్చిపోతాయి. దీనికి ఎక్సైటోటాక్సిసిటీ అని జాన్ ఓల్నీ అనే శాస్త్రవేత్త ఎప్పుడో పేరు పెట్టాడు. కణాల బయట గ్లుటమేట్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఏదీ లేదు కాబట్టి భారమంతా ట్రాన్స్‌పోర్టర్ల మీదే. మనుషుల్లో ఇవి ఐదు రకాలు, ఈఏఏటీ1 నుంచి ఈఏఏటీ5 దాకా. మెదడు ముందు భాగంలో చాలా వరకు లాగేసేది ఆస్ట్రోసైట్ల (నాడీకణాలకు తోడుండే కణాలు) మీదుండే ఈఏఏటీ2. టీబీఓఏ అడ్డుకునేది ఈ ట్రాన్స్‌పోర్టర్లనే. చెత్తబండిని పొలిమేరలోనే నిలిపేసి, ఊరు శుభ్రపడిందని రాసినట్టుంది మీ వ్యాసం.

ల్యాబ్‌లో నా కళ్లతో చూసిందే చెబుతాను. ఎలుక మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం ముక్కలో ఒక కణానికి సన్నటి గాజు ఎలక్ట్రోడ్ అతికించి, మీద పారే ద్రవంలో టీబీఓఏ కలిపితే కాసేపటికి తెరమీద ఆ కణం కరెంటును చూపుతూ తిన్నగా పోతున్న గీత కిందికి జారడం మొదలుపెడుతుంది. గ్లుటమేట్ పోగుపడి, దాన్ని అందుకుని తెరుచుకునే రిసెప్టార్లను మూసుకోనివ్వడం లేదన్నమాట. దీనికంటే ఘాటైన టీఎఫ్‌బీ-టీబీఓఏను చిట్టెలుకల మెదడులోకి ఎక్కిస్తే ఫిట్స్ వస్తాయి. ఈఏఏటీ2కు సమానమైన జీఎల్‌టీ-1 జన్యువు తీసేసిన చిట్టెలుకలు ఫిట్స్‌తోనే చనిపోతాయని 1997లోనే తేలింది. దీనికా మీరు రంగుల బాక్సు కట్టి ఆశాకిరణం అన్నది?

విలేకరి పూర్తిగా కల్పించారని అనను. తీవ్రమైన స్ట్రోక్‌లో రక్తం అందక కణాల్లో శక్తి అడుగంటితే ట్రాన్స్‌పోర్టర్లు ఎదురు తిరిగి లోపలి గ్లుటమేట్‌ను బయటికి కక్కుతాయి. అప్పుడు ఇన్హిబిటర్ వేస్తే ఆ కక్కడం తగ్గుతుందని మెదడు ముక్కల ప్రయోగాల్లో కనిపించింది. బహుశా ఈ సంగతే ఆయన చెవిన పడి ఉంటుంది. కానీ ఆ పక్కనే రక్తం కాస్తో కూస్తో అందుతున్న చోట ట్రాన్స్‌పోర్టర్లు ఇంకా తమ పని తాము చేస్తుంటాయే, వాటినీ ఆపేస్తారా? గ్లుటమేట్ రిసెప్టార్లను అడ్డుకునే మందులే స్ట్రోక్ ట్రయల్స్‌లో వరసపెట్టి బోల్తాపడ్డాయి. ఆ సంగతి ఒక్క వాక్యమైనా రాయలేదు.

అయినా మిమ్మల్నే అనడం దేనికి, కొనుగోళ్ల సెక్షన్లలోనూ ఇదే చదువు. నేను ఉద్యోగంలో ఉండగా టీబీఓఏకు ఇండెంట్ పెడితే, "పోయినేడు డైహైడ్రోకైనేట్ కొన్నారుగా, అదీ ఇన్హిబిటరేగా" అని ఫైలు తిరిగొచ్చింది. డైహైడ్రోకైనేట్ ప్రధానంగా ఈఏఏటీ2నే ఆపుతుంది, ఈఏఏటీ1ను విడిగా ఆపాలంటే యూసీపీహెచ్-101 ఉంది, అన్నిటినీ కలిపి ఆపాలంటే టీబీఓఏ కావాలి అని రెండు పేజీలు రాసిచ్చాను. మూడు నెలలకు పార్సిల్ వచ్చింది. విప్పితే పీడీసీ అనే ఇంకో ఇన్హిబిటర్! తక్కువ కోట్ చేసినవాడు "ఇదీ అలాంటిదే" అని పంపాడు, వీళ్లు స్టాక్ రిజిస్టర్లో ఎక్కించేసుకున్నారు. పీడీసీ కూడా అడ్డుకుంటుంది, కాదనను. కానీ అది తానే ట్రాన్స్‌పోర్టర్ ఎక్కి కణంలోకి పోతుంది, పోతూ లోపలి గ్లుటమేట్‌ను బయటికి నెడుతుంది. టీబీఓఏ లోపలికి పోదు, గుమ్మంలోనే ఇరుక్కుని దారి మూసేస్తుంది. 1990ల చివర్లో జపాన్‌లో కీకో షిమమొటో బృందం దాన్ని తయారుచేశాక ల్యాబులన్నీ అటు మళ్లింది ఈ తేడా వల్లే. నేను కొలవాల్సిందే గ్లుటమేట్ అయితే, దాన్ని బయటికి నెట్టే సరుకుతో ఏం కొలవను? వెనక్కి పంపుదామంటే ఆడిట్ అబ్జెక్షన్ వస్తుందన్నారు. నేను రిటైరయిన రోజున కూడా ఆ సీసా సీలు తీయకుండా ఫ్రిజ్‌లోనే ఉంది.

మీ రాశిఫలాలకు పేరూ ఫొటోతో సహా ఒక నిపుణుడు ఉన్నాడు. సైన్స్ పేజీకి అచ్చుకు ముందు ఒక్కసారి చదివిపెట్టే మనిషి దొరకలేదా? డబ్బులివ్వకపోయినా చదివేవాళ్లు ఉంటారు, అడగండి.

సవరణ వేయదలుచుకుంటే ఆదివారమే, వ్యాసం వచ్చిన పేజీలోనే, అంత అక్షరాలతోనే వేయండి. లోపలి పేజీ అడుగున టెండరు ప్రకటనల పక్కన వేస్తే మా బంధువులెవరూ చూడరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మకాలజీ అధ్యాపకుడు