వార్షిక నివేదిక 2024–25: పండుగలు, ఒక ఫిర్యాదు, కంపెనీల జవాబుదారీతనం

మన బెంగళూరు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆర్థిక సంవత్సరంలో రెండు ఉగాదులు (2024 ఏప్రిల్ 9, 2025 మార్చి 30) పడ్డాయి కాబట్టి పంచాంగ శ్రవణం రెండుసార్లు జరిగింది. కార్తీక వనభోజనాల్లో పులిహోర చాలలేదన్న మాట వంట కమిటీకి చేరవేశాం. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. ఈ ఏడాది మాకు ఎక్కువ పని పెట్టింది మాత్రం వేరే విషయం.

జూలైలో మారతహళ్లి నుంచి ఒక సభ్యురాలు ఫోన్ చేశారు. తొమ్మిదో తరగతి చదివే వాళ్లమ్మాయి ఫొటోను ఎవరో మార్ఫింగ్ చేసి, ఆ పిల్ల పేరుతోనే సోషల్ మీడియాలో అకౌంట్ తెరిచారు. వారం రోజులుగా బడికి వెళ్లడం లేదు, కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతోంది. ఆ రాత్రే కార్యదర్శి గారింట్లో కూర్చుని కంపెనీకి ఫిర్యాదు రాశాం. 2021 ఐటీ నిబంధనల ప్రకారం అప్పట్లో ఇలాంటి ఫిర్యాదుపై 24 గంటల్లో చర్య తీసుకోవాల్సి ఉండేది. తొమ్మిదో రోజున జవాబొచ్చింది: ఇది మా నియమాలకు విరుద్ధం కాదట! రాసింది మనిషో మిషనో దేవుడికే తెలియాలి. 30 రోజుల గడువు దాటకుండా కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి అప్పీలు చేశాక అకౌంట్ పోయింది. అమ్మాయి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడింది. ఇప్పుడు బడికి వెళ్తోంది.

‘ఫోన్ కొనిచ్చింది మనమే, కంపెనీని అని ఏం లాభం?’ అని సర్వసభ్య సమావేశంలో కొందరు పెద్దలు అడిగారు. అందులో నిజం లేకపోలేదు. కానీ రాత్రి ఒంటిగంటకు ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతటదే వచ్చేలా చేసింది మనం కాదు కదా. ముగ్గురు టీనేజ్ అమ్మాయిల్లో ఒకరికి తన శరీరం ఎలా కనిపిస్తోందోనన్న బెంగను ఇన్‌స్టాగ్రామ్ ఇంకా పెంచుతోందని ఫేస్‌బుక్ పరిశోధకులే రాసుకున్నారు. 2021లో ఆ కంపెనీ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సిస్ హాగెన్ బయటపెట్టిన కాగితాల్లో ఆ మాట ఉంది. దాన్ని అలా చదవకూడదని కంపెనీ వాదన. 2023 అక్టోబర్‌లో అమెరికాలో 40కి పైగా రాష్ట్రాలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటాపై కోర్టుకెక్కాయి. 2024 నవంబర్‌లో ఆస్ట్రేలియా 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా అకౌంట్లు వద్దని చట్టం చేసింది. మాకు నచ్చింది జరిమానా సంగతి: పిల్లలకూ తల్లిదండ్రులకూ ఏమీ లేదు, కంపెనీకైతే 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా.

మన 2023 డేటా రక్షణ చట్టంలోనూ పిల్లల విషయంలో తప్పు చేస్తే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. ముసాయిదా రూల్స్ 2025 జనవరి 3న వచ్చాయి. సంఘం తరఫున రెండు మాటలు రాసి పంపాం. పిల్లల క్షేమానికి హాని అంటే ఏమిటో విడమరచి చెప్పాలి. అమ్మానాన్నలు ఓకే నొక్కారు కదా అని కంపెనీ చేతులు దులుపుకోకూడదు.

ఇకపై ప్రతి ఆదివారం సాయంత్రం ఇలాంటి ఫిర్యాదులు రాసిపెడతాం. ముందు స్క్రీన్‌షాట్, లింకు, తేదీ దాచుకుని రండి. కోపంలో డిలీట్ చేస్తే ఆధారం పోతుంది. ప్రస్తుతానికి రాసేవాళ్లం ఇద్దరమే, ఇంకొకరు కావాలి. లాప్‌టాప్ కూడా కార్యదర్శి గారబ్బాయిది, పరీక్షలప్పుడు ఇవ్వనన్నాడు.

— కార్యవర్గం, బెంగళూరు