పాత హూవర్ మళ్ళీ తిరిగింది: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

పక్కింటి పెద్దావిడ ఇచ్చిన పాత హూవర్ కన్వర్టిబుల్ వాక్యూమ్ క్లీనర్ (కార్పెట్ దుమ్ము పీల్చే మిషను) మొన్న ఆదివారం మా బేస్‌మెంట్ కార్పెట్ మీద చక్కగా నడిచింది. బ్రష్ తిరిగింది, ముందు లైటు వెలిగింది, వెనక సంచి ఉబ్బింది. ఇందులో నా పనితనం కంటే పదిమంది సాయమే ఎక్కువ, అందుకే ఈ పోస్టు. నేను థాంక్స్ చెప్పాల్సినవాళ్ళలో సగంమందికి తెలుగు రాదు. వాళ్ళకి ఎదురుగానే చెప్పేశాను. కానీ ఎవరెవరు ఏం చేశారో మనవాళ్ళకీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

ఇండియాలో ఉన్నవాళ్ళ కోసం ఒక మాట. మన ఇళ్ళలో బండలు, టైల్స్ కాబట్టి చీపురు, తడిగుడ్డ ఉంటే చాలు. ఇక్కడ అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో చాలా పాత ఇళ్ళలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కార్పెట్టే. దాని మీద చీపురు ఏమీ చేయలేదు. అందుకని ఈ నిలువు వాక్యూమ్ క్లీనర్ వచ్చింది: మోటారు కింద నేలకు ఆనుకుని ఉంటుంది, పిడి నిటారుగా, దానికి వేలాడుతూ గుడ్డ సంచి. అడుగున ఒక రోలర్ గిర్రున తిరుగుతూ కార్పెట్‌ని దులిపి, లోపల ఇరుక్కున్న ఇసుకను పైకి లేపుతుంది. ఆ రోలర్‌కి దులిపే బద్దలు హూవర్ వాళ్ళు 1926లోనే పెట్టారు. కన్వర్టిబుల్ మోడల్ 1957లో వచ్చింది. నాకు దొరికింది 1960ల నాటిది.

మొదటి థాంక్స్ పెద్దావిడకే. వాళ్ళాయన నార్త్ కాంటన్‌లోని హూవర్ ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరయ్యారట. ఆయన పోయాక ఇల్లు అమ్మి చిన్న అపార్ట్‌మెంట్‌కి మారుతూ, గరాజ్ ఖాళీ చేస్తుంటే ఇది బయటపడింది. చెత్తబండి వాళ్ళకి వేసేయొచ్చు. వేయలేదు. పాత ఫ్యాను రిపేరు చేస్తూ నేను వరండాలో కూర్చోవడం చూసిందట, "నువ్వైతే విప్పుతావు" అని తెచ్చి ఇచ్చింది. దాంతోపాటు మాన్యువల్, పాత బిస్కెట్ల డబ్బాలో దాచిన స్క్రూలు, ఒక కొత్త బెల్టు కూడా. ఆ మాన్యువల్ లేకపోతే సగం పని జరిగేది కాదు.

మనకి బంధువుల సంగతులు ఎలాగో, ఆవిడకి హూవర్ చరిత్ర అలాగ. టీ తాగుతూ మొత్తం చెప్పింది. దీన్ని కనిపెట్టింది హూవర్ కాదు, కాంటన్‌లో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఊడ్చే పని చేసే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. ఆయనకి ఉబ్బసం. ఊడ్చినప్పుడల్లా దుమ్ముకి ఊపిరాడేది కాదు. దాంతో ఒక చిన్న మోటారు, సబ్బుల పెట్టె, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఒక యంత్రం కట్టుకున్నాడు. 1908లో పేటెంట్ వచ్చింది. గుర్రపు జీనులు, తోలు సామాన్లు చేసే విలియం హెన్రీ హూవర్ ఆ హక్కులు కొన్నాడు. కార్లు వచ్చాక జీనులెవరు కొంటారన్న దిగులు ఆయనది. నార్త్ కాంటన్ ఫ్యాక్టరీ 2007లో మూతపడింది. హూవర్ పెరిగిన ఇంటిని మ్యూజియంగా చేశారని, తప్పకుండా చూడమని ఆవిడే చెప్పింది. పేరేమో హూవర్‌ది, దగ్గేమో స్పాంగ్లర్‌ది అని నేనంటే చాలాసేపు నవ్వింది.

ఇక అసలు మనిషి మా మామయ్య. తెనాలిలో మోటారు వైండింగ్ షాపు. పొలాల మోటార్లు, బోరు మోటార్లు, మధ్యలో ఊళ్ళో ఆడవాళ్ళు తెచ్చే మిక్సీలు. నాకు వాక్యూమ్ క్లీనర్ అర్థం కాలేదు, ఆయన అసలు జన్మలో దాన్ని చూడలేదు. వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి చూపిస్తే ఒక్క నిమిషం అటూ ఇటూ తిప్పించి, "అమెరికాది అయితే ఏంది అమ్మాయ్, లోపల మన మిక్సీ మోటారే" అన్నారు.

నిజంగా అంతే. పొలం మోటారుకి కార్బన్లు (తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే బొగ్గు ముక్కలు) ఉండవు. మిక్సీ, డ్రిల్లింగ్ మిషను, కుట్టు మిషను మోటారు, ఈ హూవర్ మోటారు మాత్రం ఒకే జాతి. కదలకుండా ఉండే తీగచుట్ట ఫీల్డ్ కాయిల్, దాని లోపల తిరిగే ఆర్మేచర్, రెండూ సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా) ఉంటాయి, తిరిగే ఆర్మేచర్‌కి కరెంటు కార్బన్ బ్రష్‌ల ద్వారా అందుతుంది. ఏసీ అయినా డీసీ అయినా తిరుగుతుంది, చాలా వేగంగా తిరుగుతుంది, అరిచి గోల చేస్తుంది. చెడిపోయే చోట్లు కూడా అవే: కార్బన్లు, అవి రాసుకునే కమ్యుటేటర్, బేరింగులు.

"ముందు కరెంటు ఇవ్వమాక. చేత్తో తిప్పి, ఫోను దగ్గర పెట్టు" అన్నారు. పెట్టాను. కాసేపు విని, "కింద వైపు గరగరమంటంది. గ్రీజు ఎండిపోయింది. బేరింగ్ మీద నంబరు ఉంటది, చదువు" అన్నారు. తెనాలిలో షాపు ఇంకా తెరవలేదు, వెనక పాలబండి హారన్ వినిపిస్తోంది. ఆయన ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని ఇంకో చేత్తో ఫోను చెవికి ఆనించుకున్నారు, వీడియో కాల్ అన్న సంగతే మర్చిపోయి. నాకు స్క్రీన్ నిండా ఆయన చెవి కనిపించింది. ఆ చెవికి నా నమస్కారం.

తర్వాత ఆర్మేచర్ బయటికి తీసి కమ్యుటేటర్ చూపించాను. అది రాగి పలకల వరుస, ఒక్కో పలకకీ మధ్య కరెంటు పారనివ్వని సన్నటి మైకా (అభ్రకం). రాగి ఎక్కడా కనపడట్లేదు, నల్లగా నిగనిగలాడుతోంది, మైకా గాళ్ళ నిండా కార్బన్ పొడి. "కంటికి కాటుక పెట్టినట్టుందే" అన్నారు మామయ్య. జీరో నంబరు శాండ్‌పేపర్ సన్నగా పట్టీలా కత్తిరించి, చుట్టూ వేసి, ఆర్మేచర్‌ని చేత్తో తిప్పమన్నారు. ఎమరీ పేపర్ వద్దన్నారు, దాని రేణువులు గాళ్ళలో ఇరుక్కుని కరెంటుకి దారి ఇస్తాయట. మైకా గాళ్ళు శుభ్రం చేయడానికి ఆయన వాడేది ఆక్సా బ్లేడు ముక్క, పళ్ళ పక్కలు గ్రైండింగ్ రాయి మీద రుద్ది సన్నం చేసినది. నా చేత కూడా ఒకటి చేయించారు. మైకా రాగి కంటే కొంచెం కిందకి ఉండాలి, సమానంగా ఉంటే కార్బన్ ఎగిరి పడుతూ నిప్పురవ్వలు రాలుస్తుంది. ఒక్కో గాడీ గీస్తుంటే రాగి బయటపడుతోంది. మామయ్య పక్కన ఎవరితోనో మాట్లాడుతూనే "ఆ రెండోది సరిగ్గా రాలేదు, మళ్ళీ గీయి" అనేవారు. అంత చిన్న స్క్రీన్‌లో ఎలా కనపడిందో!

కార్బన్లు అరిగి స్ప్రింగు దాదాపు రాగికి తగిలే స్థితిలో ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు అలాగే వాడి ఉంటే స్ప్రింగు కమ్యుటేటర్‌ని గీకి పారేసేది. అదే కొలతవి వెతుకుతూ కూర్చోవద్దన్నారు. కొంచెం పెద్దవి తెచ్చి, హోల్డర్‌లో ఒరుసుకోకుండా జారేదాకా రుద్ది, ముఖం కమ్యుటేటర్ గుండ్రానికి సరిపోయేలా అరగదీయమన్నారు. మన షాపుల్లో రోజూ చేసే పనే ఇది. ఇక్కడివాళ్ళకి చెబితే ఆశ్చర్యపోయారు.

ఇక్కడ మా వీధిలో ఉన్న రిటైరైన ఎలక్ట్రీషియన్ గురించి చెప్పాలి. ఈ పాత హూవర్‌కి రెండు తీగల వైరే, ఎర్త్ లేదు. పైన పట్టుకునేదేమో లోహం. లోపల ఇన్సులేషన్ చెడితే షాక్ మన చేతికే. మామూలు మల్టీమీటర్ దీన్ని పట్టలేదు, మెగ్గర్ కావాలి. అది ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్‌ని కొలిచే మీటరు, రీడింగ్ ఎంత ఎక్కువ వస్తే అంత మంచిది. ఆయన తన మెగ్గర్ పట్టుకుని మా ఇంటికే వచ్చారు. 500 వోల్టుల మీద చూస్తే రీడింగ్ ఒక మెగా ఓమ్ కూడా రాలేదు. నాకు టెన్షన్. వైండింగ్ పోయిందనే అనుకున్నాను. మామయ్యకి ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా ఎత్తారు. "వైండింగ్ కాదే, కార్బన్ పొడి. బ్రష్ హోల్డర్ చుట్టూ తుడిచావా?" అన్నారు. ఆర్మేచర్ తుడిచాను గానీ హోల్డర్ల వెనక ఇంకా చూడలేదు. అక్కడ నల్లటి పొడి పేరుకుని బాడీ దాకా దారి వేసుకుని ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ఒక రాత్రంతా ఆరబెట్టాం. మర్నాడు ఎలక్ట్రీషియన్ మళ్ళీ వచ్చి మెగ్గర్ పెడితే రీడింగ్ ఎక్కడికో వెళ్ళిపోయింది. ఆయన మీటర్ నా వైపు తిప్పి, "మీ అంకుల్‌ని పనిలో పెట్టుకుంటాను" అన్నారు. మామయ్యకి చెబితే, "జీతం డాలర్లలోనా?" అని అడిగారు.

కొత్త వైరు కూడా ఎలక్ట్రీషియనే దగ్గరుండి వేయించారు: 18 గేజీ, రెండు తీగలది, వాక్యూమ్ క్లీనర్ల కోసమే చేసిన మెత్తటిది. పాతదాని రబ్బరు వంచితే పొడి అయిపోతోంది. ఎవరైనా ఇలాంటివి అటక మీద నుంచి దింపితే దయచేసి ముందు వైరు చూడండి, "ఒక్కసారి పెట్టి చూద్దాం" అని ప్లగ్గు పెట్టకండి.

బేరింగ్ దగ్గర నా పని ఆగిపోయింది. షాఫ్ట్‌కి బిగుసుకుపోయింది, సుత్తితో కొడితే షాఫ్ట్ వంగుతుంది. దగ్గర్లో వాక్యూమ్ క్లీనర్లు రిపేరు చేసే చిన్న షాపు ఒకటి ఉంది, పెద్దాయన ఒక్కరే నడుపుతారు. నంబరు చెప్పగానే బేరింగ్ సొరుగులోంచి తీసిచ్చారు. షాఫ్ట్ నుంచి బేరింగ్‌ని లాగే పుల్లర్ అరువిచ్చారు. "కొత్తది ఎక్కించడం మాత్రం నా ముందే చేయి" అని అక్కడే బల్ల మీద, లోపలి రింగు మీద మాత్రమే ఒత్తిడి పడేలా ఎక్కించి చూపించారు. మిషను లోపల గాలి పీల్చే ఫ్యాను రెక్క ఒకటి విరిగి ఉంది. ఈ యంత్రాల్లో పీల్చిన చెత్తంతా సంచిలోకి వెళ్ళేముందు ఫ్యాన్ గుండానే పోతుంది. ఎప్పుడో ఒక నాణెమో, హెయిర్‌పిన్నో దూరి ఉంటుంది. రెక్క విరిగిన ఫ్యాన్ ఊగి, కొత్త బేరింగ్‌ని కూడా పాడుచేస్తుంది. పెద్దాయన లోపలికెళ్ళి, పనికిరాని ఒక మిషను నుంచి మంచి ఫ్యాన్ ఊడదీసి తెచ్చారు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

బెల్టు సంగతి కూడా ఆయనే చెప్పారు. మోటారు కడ్డీ నిలువుగా కిందికి వస్తుంది, బ్రష్ రోలర్ అడ్డంగా ఉంటుంది. అందుకని బెల్టుకి పావు మెలిక పడుతుంది. ఆ మెలిక ఇటు బదులు అటు పడితే రోలర్ వెనక్కి తిరిగి చెత్తని మన కాళ్ళ మీదకే విసురుతుందట. మాన్యువల్‌లో బొమ్మ ఉంది గానీ, ఆయన వేలితో చూపించాకే అర్థమైంది. ఇలాంటి బెల్టులు, లోపలి కాగితపు సంచులు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. అరవై ఏళ్ళ నాటి యంత్రానికి ఇది చిన్న విషయం కాదు.

రోలర్‌కి చుట్టుకున్న కుక్క వెంట్రుకల గురించి రాయను. పెద్దావిడకి మూడు కుక్కలుండేవట, అంతే.

మా అత్తయ్యగారికి ప్రత్యేకంగా. ఆరు నెలలు మా దగ్గర ఉండడానికి వచ్చినావిడ, "ఈ దరిద్రాన్ని ఇంట్లోకి ఎందుకు తెచ్చావమ్మా" అని మొదటిరోజు అన్నారు. తర్వాత నేను అడక్కుండానే పై సంచి దులిపి, గోరువెచ్చటి నీళ్ళలో నానేసి, రంగు పోకుండా ఉతికి, నీడన ఆరేశారు. ఊడిపోయిన కుట్టుకి డబుల్ దారంతో కాజా కుట్టు వేశారు. కంపెనీ కుట్టు కంటే అదే గట్టిగా ఉంది. మా ఆయనకి కూడా థాంక్స్, డైనింగ్ టేబుల్ మీద ఆర్మేచర్ ఉన్నన్నాళ్ళూ సోఫాలో కూర్చుని అన్నం తిన్నందుకు.

మొదటిసారి నడిపినప్పుడు కార్బన్ల దగ్గర నీలం రవ్వలు కనిపించాయి. "చిన్నగా ఉంటే కంగారు పడమాక, కార్బన్లు కుదురుకునేదాకా ఉంటది. చుట్టూ రింగులాగా తిరిగితే మాత్రం వెంటనే ఆపెయ్" అని మామయ్య ముందే చెప్పి ఉంచారు. కాసేపటికి తగ్గిపోయాయి.

అడుగుతున్నవాళ్ళ కోసం: ఇప్పటి మిషన్ల కంటే ఇది మంచిదా అంటే, కార్పెట్‌లో దిగిపోయిన ఇసుక తీయడంలో అవును, నా కళ్ళతో చూశాను. కానీ సన్నటి దుమ్ము గుడ్డ సంచిలోంచి బయటికి వస్తుంది. ఇంట్లో ఉబ్బసం, డస్ట్ అలర్జీ ఉన్నవాళ్ళుంటే హెపా ఫిల్టర్ ఉన్న కొత్తదే వాడండి. మా అబ్బాయికి తుమ్ములు, అందుకే ఇది బేస్‌మెంట్‌కి మాత్రమే. ఇంకోటి, ఇన్సులేషన్ చూసిపెట్టే మనిషి దొరక్కపోతే ఈ పనికి దిగకండి. మామయ్యని అడిగి చెబుతాను గానీ, మెగ్గర్ ఫోన్లో పంపలేను.

పెద్దావిడని వచ్చే వారం భోజనానికి పిలిచాం, మిషను ఆవిడ చేతే నడిపిస్తాం. మామయ్య డబ్బు మాట ఎత్తనివ్వలేదు. షాపులో పని నేర్చుకునే కుర్రాళ్ళకి చూపించడానికి కమ్యుటేటర్ ఫోటోలు, ముందూ తర్వాతా రెండూ పంపమన్నారు, పంపించాను. వాక్యూమ్ షాపు పెద్దాయన పుల్లర్ ఇంకా నా దగ్గరే ఉంది. శనివారం అత్తయ్యగారు చేసిన సున్నుండలతో కలిపి తిరిగిచ్చేస్తాను.