ఏ పార్టీ ప్రభుత్వ పరిమాణాన్ని పెంచింది? ముందు లెక్క సరిచేయండి

గౌరవనీయులైన తెలంగాణ ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. బడ్జెట్ సమావేశాలు వస్తే చాలు, ‘మీ హయాంలో ప్రభుత్వం ఉబ్బింది’ అని ఒక పక్షం, ‘మీరు ఖాళీలు నింపకుండా ఎండబెట్టారు’ అని ఇంకో పక్షం అంటాయి. రెండింటికీ ఆధారం దొరుకుతుంది. ఒకరు మంజూరైన పోస్టులు చెబుతారు, మరొకరు పనిచేస్తున్నవాళ్లను లెక్కేస్తారు. రాష్ట్ర తొలి పీఆర్సీ (వేతన సవరణ సంఘం) నివేదికలో మంజూరైనవి సుమారు 4.91 లక్షలు, పనిచేస్తున్నవాళ్లు సుమారు 3 లక్షలు. ఈ తేడాలో ఏ వాదనైనా ఇమిడిపోతుంది.

వీఆర్వోల (గ్రామ రెవెన్యూ అధికారుల) సంగతే చూడండి. 2020 సెప్టెంబరులో టీఆర్ఎస్ ప్రభుత్వం చట్టం తెచ్చి ఆ పోస్టులను రద్దు చేసింది. కాగితం మీద ప్రభుత్వం తగ్గింది. మనుషులు మాత్రం వేరే శాఖల్లో సర్దుబాటయ్యారు. జీతం ఆగలేదు, పద్దు మారింది. 2025లో కాంగ్రెస్ ప్రభుత్వం గ్రామ పాలన అధికారులను నియమించింది. వారూ పాత వీఆర్వోలు, వీఆర్ఏల (గ్రామ రెవెన్యూ సహాయకుల) నుంచే వచ్చారు. ఒకరు తగ్గించారనీ, మరొకరు పెంచారనీ ఎలా అంటాం?

పదవీ విరమణ వయసుది ఇంకా పెద్ద చిక్కు. 2021లో టీఆర్ఎస్ ప్రభుత్వం దాన్ని 58 నుంచి 61కి పెంచింది. దాంతో మూడేళ్లు వయసు మీద రిటైర్మెంట్లు దాదాపు ఆగాయి. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకోవడం), సెలవు నగదు బిల్లులన్నీ 2024 నుంచి మొదలయ్యాయి. ఆ భారాన్ని ఈ ప్రభుత్వ దుబారా అనలేం, అంతకుముందు మిగిలినదాన్ని ఆ ప్రభుత్వ పొదుపనీ అనలేం. కొత్త పెన్షన్ విధానాన్నీ ఒక్క పార్టీ ఖాతాలో వేయలేం. 2004 జనవరి నుంచి కేంద్రంలో వాజ్‌పేయి ప్రభుత్వం మొదలుపెడితే, అదే ఏడాది సెప్టెంబరు నుంచి ఉమ్మడి రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం అమలుచేసింది.

అసలు లొసుగు పద్దుల్లో ఉంది. బడ్జెట్‌లో జీతాలు రాసే 010 నంబరు పద్దు ఒక్కటే చూస్తే సగం కథ దాగిపోతుంది. ఔట్‌సోర్సింగ్ ఖర్చు ‘ఇతర కాంట్రాక్టు సేవలు’ అనే 300 పద్దు కింద, ప్రభుత్వ గ్రాంటుతో నడిచే సంస్థల జీతాలు 311 కింద పోతాయి. ఒక శాఖ పది రెగ్యులర్ పోస్టులు నింపకుండా ఏజెన్సీ ద్వారా పన్నెండు మందిని పెట్టుకుంటే 010 తగ్గుతుంది, 300 పెరుగుతుంది. ఆ తగ్గుదలను చూపి సిబ్బందిని కుదించామంటే అది నిజం కాదు.

కాబట్టి వచ్చే బడ్జెట్‌తో పాటు ఒక అనుబంధం ఇవ్వండి. 2014-15 నుంచి శాఖలవారీగా మంజూరైన పోస్టులు, రెగ్యులర్, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్, కార్పొరేషన్ సిబ్బంది ఎంతమందో చూపాలి. పక్కనే 010, 300, 311, పెన్షన్ ఖర్చులు, ప్రభుత్వం హామీ ఉన్న కార్పొరేషన్ల అప్పులు ఉండాలి. అంకెలు అంచనాలు కాకుండా అసలు ఖర్చులే కావాలి. 2023-24లో డిసెంబరు 7న ప్రభుత్వం మారింది గనుక ఆ ఏడాదిని నెలలవారీగా విడగొట్టండి. ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేసే బిల్లును 2023 ఆగస్టులో సభ ఆమోదించింది. ఆ 43 వేల మందిని ఎప్పుడు చేర్చినా వేరే వరుసలో చూపండి, లేకపోతే బస్సు ఒక్కటీ పెరగకుండానే ప్రభుత్వం పెరిగినట్టు కనిపిస్తుంది.

స్కాన్ చేసిన పీడీఎఫ్ వద్దండీ. ఎవరైనా కూడి చూసుకునేలా ఎక్సెల్ ఫైలుగా పెట్టించండి.

ఇట్లు,
బడ్జెట్ పద్దులు చదివే కొందరు పౌరులు,
హైదరాబాద్