పాట విడుదలకు ముందే కాగితం రాసుకోండి

ఒంగోలు

చిరంజీవి అమ్మాయిని ఆశీర్వదించి నాన్న రాయునది.

ఇక్కడ నేను, మీ అమ్మ, నాయనమ్మ క్షేమం. బెంగళూరులో నువ్వూ, నీ బ్యాండులోని మిగిలిన ముగ్గురూ కలిసి చేసిన మొదటి పాట రికార్డింగు పూర్తయిందనీ, త్వరలో స్పాటిఫైలోనూ యూట్యూబులోనూ విడుదల చేస్తారనీ నువ్వు చెప్పిన దగ్గరనుంచి మీ అమ్మ ఆ కబురు చేరవేయని ఇల్లు మన వీధిలో లేదు. నాకూ ఆమెకున్నంత సంతోషమే ఉంది. అయితే వచ్చే డబ్బులో ఎవరి వాటా ఎంత అని అడిగితే, "మేమంతా స్నేహితులం, తర్వాత చూసుకుంటాం నాన్నా" అన్నావు. ఇన్నేళ్లుగా రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట కూర్చుని అన్నదమ్ముల భాగపరిష్కార దస్తావేజులు రాస్తున్నవాణ్ణి కనుక, ఆ ఒక్క మాట గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాంచెస్టరులో 1982లో మొదలై 1987లో విడిపోయిన ది స్మిత్స్ అనే రాక్ బ్యాండు పాటలు నువ్వు వినే ఉంటావు. వారూ మీలాగే నలుగురు. పాటలు కట్టిన మోరిసీ, జానీ మార్ ఇద్దరూ రికార్డుల మీదా కచేరీల మీదా వచ్చిన లాభంలో చెరి 40 శాతం తీసుకుని, బేస్ గిటారు వాయించిన ఆండీ రూర్క్‌కూ, డ్రమ్స్ వాయించిన మైక్ జాయిస్‌కూ తలా 10 శాతం ఇచ్చారు. ఆ వాటాలకు అందరూ సమ్మతించినట్టు చూపే కాగితం లేదు. జాయిస్ దావా వేశాడు. భాగస్వాముల మధ్య వేరే ఒప్పందం రుజువు కానప్పుడు వాటాలు సమానమేనని చెప్పి, 1996లో అక్కడి హైకోర్టు అతనికి నాలుగోవంతు ఇప్పించింది. అప్పీలు కూడా 1998లో వీగిపోయింది. వారు కలిసి వాయించిన కాలం కంటె కోర్టుల చుట్టూ తిరిగిన కాలమే ఎక్కువ. మన 1932 నాటి భాగస్వామ్య చట్టం 13వ సెక్షనులోనూ ఇదే సూత్రం ఉంది. మీరేమీ రాసుకోకపోతే చట్టమే మీ తరఫున ఒక పద్ధతి ముందుగా రాసి పెట్టిందని గుర్తుంచుకో. బాణీలన్నీ కట్టేది నువ్వు. ఆ పద్ధతి నీకు సమ్మతమో కాదో ఇప్పుడే తేల్చుకోవాలి.

అమెరికాలోని ఏథెన్స్ అనే ఊళ్లో 1980లో మొదలైన ఆర్.ఇ.ఎం. అనే బ్యాండు వారు మరో దారి పట్టారు. పాటలోని మాట ఎవరిదైనా, బాణీ ఎవరిదైనా తాము కట్టిన పాటలకు నలుగురి పేర్లూ వేసుకున్నారు. 1997లో బిల్ బెర్రీ తప్పుకున్నా, మిగిలిన ముగ్గురూ 2011 వరకు కొనసాగి, తమంతట తామే మర్యాదగా చాలించుకున్నారు. నాకు ఇదే నచ్చింది. కానీ కష్టం నీది కనుక నిర్ణయమూ నీదే.

దూరదేశాల మాట ఎందుకు, మన పక్క నెల్లూరివారు తమవాడని చెప్పుకునే బాలసుబ్రహ్మణ్యంగారినే చూడు. తొలినాళ్లలో ఆయన నడిపిన లైట్ మ్యూజిక్ ట్రూపులో ఇళయరాజాగారు వాయించేవారు. అంతటి స్నేహితుల మధ్య కూడా, 2017లో బాలుగారు తమ గానజీవితపు 50 ఏళ్ల సందర్భంగా అమెరికాలో కచేరీలు చేస్తున్నప్పుడు, తన పాటలు అనుమతి లేకుండా పాడరాదని ఇళయరాజాగారి తరఫున లాయరు నోటీసు వచ్చింది. బాలుగారు చట్టాన్ని మన్నించి ఆ పాటలు పక్కన పెట్టారు. తర్వాత ఇద్దరూ కలిసిపోయారు. ఇద్దరిలో ఎవరినీ నేను తప్పు పట్టలేను. బాణీ కట్టినవారి హక్కు వేరు, ఆ పాటకు ప్రాణం పోసిన గొంతు మీద జనానికున్న ప్రేమ వేరు.

మన కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్న నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానాగారి పేరు నాయనమ్మ నోట ఎన్నోసార్లు విన్నావు. ఆ నాదస్వర సంప్రదాయంలోని మేళాలు డబ్బు పంచుకునే తీరు నేను దగ్గరనుంచి చూశాను. మీ మేనత్త కూతురి పెళ్లిలో అప్పగింతలయ్యాక, మేళం పెద్దాయన విడిది వెనుక అరుగు మీద కండువా పరిచి, మాట్లాడుకున్న సొమ్మునూ పందిట్లో పెళ్లివారు విడిగా ఇచ్చిన నోట్లనూ కలిపి పోశాడు. ముందు బస్సు ఖర్చు తీసి, తర్వాత సన్నాయికీ, డోలుకూ, శ్రుతి పట్టిన పిల్లవాడికీ వరుసగా పంచాడు. ఎవరూ నోరెత్తలేదు, ఎందుకంటే ఎవరికెంతో అడ్వాన్సు పుచ్చుకున్ననాడే అనుకున్నారు. వారి లెక్క ఆ రాత్రితో తీరిపోయింది. రికార్డయిన పాట లెక్క అలా తీరదు తల్లీ. మాట మీదా బాణీ మీదా హక్కు వాటి కర్తలు పోయాక కూడా 60 ఏళ్లు నిలుస్తుంది.

మాట, బాణీ, రికార్డింగు మూడూ వేరువేరు ఆస్తులు. పాడినవారికీ వాయించినవారికీ మళ్లీ ప్రత్యేక హక్కు ఉంది. కాపీరైటు చట్టానికి 2012లో వచ్చిన సవరణ తర్వాత మాట రాసినవారు, బాణీ కట్టినవారు తమ రాయల్టీ హక్కును, అంటే పాట వాడినప్పుడల్లా వచ్చే డబ్బు మీది హక్కును, కంపెనీకి ధారాదత్తం చేయనక్కరలేదు. వారసులకో, కర్తల తరఫున ఆ డబ్బు వసూలు చేసే కాపీరైటు సొసైటీకో తప్ప మరెవరికి రాసిచ్చినా అది చెల్లదు. ఏ కంపెనీ అయినా కాగితం ముందు పెడితే గడువు, ప్రాంతం ఉన్నాయో లేదో చూడు. గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశంగానూ లెక్కిస్తుంది.

మీ ఒప్పందంలో బ్యాండు పేరు ఎవరిదో, ఒకరు తప్పుకుంటే పాత పాటల వాటా ఏమవుతుందో, అందరి డబ్బుతో కొన్న మిక్సరూ స్పీకర్లూ ఎవరికి చెందుతాయో తప్పక ఉండాలి. వేరే ఒప్పందం లేకపోతే భాగస్వామి మరణంతో సంస్థే రద్దవుతుంది కనుక, ఆ మాట రాయడానికి మనసొప్పకపోయినా రాయండి. ఢిల్లీలో 1990లో మొదలైన ఇండియన్ ఓషన్ బ్యాండు వారు 2009లో తమలో ఒకరైన ఆశీం చక్రవర్తిని పోగొట్టుకుని కూడా ఆ పేరుతోనే ఇప్పటికీ వాయిస్తున్నారు.

మీ నలుగురి పూర్తి పేర్లూ, తండ్రుల పేర్లూ, చిరునామాలూ, మీరు అనుకున్న వాటాలూ రాసి పంపు. నేను ముసాయిదా తయారుచేసి పంపుతాను, దాన్ని అక్కడ కాపీరైటు తెలిసిన వకీలుకు చూపించండి. సంతకాలయ్యే వరకు పాట విడుదల తేదీ ప్రకటించవద్దు.

ఇట్లు,
మీ నాన్న